తుంగకి టీ

మా ఇంట్లో దాదాపు పది నెలలపాటు 'మందు' అన్న మాట ఎవరూ పలకలేదు. పలకొద్దని ఎవరూ చెప్పలేదు, దానంతటదే పోయింది. మా అత్తగారు పొద్దున్నే "నా బీపీది వేసుకున్నానా అమ్మాయ్?" అనేవారు. నాకు దగ్గొస్తే "ఆ ఎర్ర నీళ్ళేవో తాగరాదూ" అనేవారు. ఇక నా అవస్థ అడక్కండి. నేను పనిచేసేదే మందుల షాపులో. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఎనిమిదింటి దాకా కౌంటర్లో నిలబడి ఆ మాట వందసార్లు అని, ఇంటి గేటు తీసేసరికి మింగేసేదాన్ని.

మా ఆయన తాగుడు మానేశారు మరి. మానేసిన రోజు నేను ఒకటే మాటన్నాను. "ఇంకొక్క చుక్క నోట్లో పోశారంటే సంచి సర్దుకుని వెళ్ళిపోతాను. బతిమాలినా రాను." పక్కనే కూర్చున్న మా అత్తగారు "నేనూ దాని వెంటే పోతాను. వంట నువ్వే చేసుకో" అన్నారు. కన్నకొడుకుతో అన్నారు ఆ మాట! ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి తలూపారు. ఒట్లు పెట్టడం, ఏడవడం లాంటివేమీ చెయ్యలేదు. అవన్నీ అంతకు ముందే చాలాసార్లు అయిపోయాయి.

అలా ఏడు నెలలు గడిచాక కొత్తింట్లోకి మారాం. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఇంట్లో మా మొదటి వానాకాలం సంగతి.

పుట్టి బుద్ధెరిగాక అపార్టుమెంట్లలోనే బతికినవాళ్ళం. బాల్కనీలో ఒక్క కుండీని కూడా బతికించిన పాపాన పోలేదు. ఇంటి ముందు పచ్చగా గడ్డి ఉందని మురిసిపోయి ఆ ఇల్లు కొన్నాం. రెండు వానలు పడేసరికి ఆ పచ్చదనం మోకాళ్ళ దాకా వచ్చింది. పేపరు వేసే మనిషి గేటు లోపలికి రావడం మానేసి బయట్నుంచే విసిరేవాడు. అది ఎక్కడ పడిందో వెతుక్కోవడం మా అత్తగారికి పొద్దుటి పనైంది.

ఒక ఆదివారం తోట సామాన్ల షాపుకి వెళ్ళాం. షాపాయన "ఎంత స్థలమండీ?" అన్నాడు.

"గేటు నుంచి గుమ్మం దాకా" అన్నారు మా ఆయన.

"అదేం కొలతండీ బాబూ!" అని నవ్వి, వరసగా మిషన్లు చూపించడం మొదలుపెట్టాడు. పెట్రోలుది. మంచి జోరు, కానీ ఆ చప్పుడుకి వీధి వీధంతా లేచి కూర్చుంటుందట. కరెంటు వైరుది. తేలిక, కానీ కొత్తవాళ్ళు పొరపాటున వైరు మీదే నడిపించేస్తారట. బ్యాటరీది. "మీకు సరిగ్గా సరిపోతుంది. ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. కోసిన గడ్డి వెనక సంచిలో పడుతుంది. చొక్కా నలగదు."

"అదే ఇవ్వండి" అన్నాను నేను.

మా ఆయన అప్పటికే మూలకి వెళ్ళారు. అక్కడ రెండు చక్రాలు, మధ్యలో మెలితిరిగిన బ్లేళ్ళ చుట్ట, పొడుగాటి పిడితో ఒకటి గోడకి ఆనించి ఉంది. దుమ్ము పట్టి ఉంది.

"అది చేత్తో తోసేదండీ. ఎవరూ కొనరు" అన్నాడు షాపాయన. "గడ్డి పొడుగైతే ఇది కొయ్యదు. వారానికి రెండు మూడుసార్లు తొయ్యాలి. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి. తక్కువలో తక్కువ రెండు గంటలు పడుతుంది. ఎందుకు చెప్పండి ఆ చాకిరీ?"

"ఇదివ్వండి" అన్నారు ఈయన.

నాకు ఒళ్ళు మండింది. "ఏవండీ, మతిపోయిందా? ఇరవై నిమిషాల్లో అయ్యే పనికి రెండు గంటలా?"

ఆయన నా వైపు వంగి, షాపాయనకి వినపడకుండా అన్నారు. "ఇరవై నిమిషాల్లో అయిపోతే మిగతా సాయంత్రం ఏం చెయ్యను?"

ఆయన లిఫ్టు మెకానిక్కు. అయిదింటికల్లా ఇంటికొస్తారు. నేను వచ్చేది ఎనిమిది దాటాక. మధ్యలో మూడు గంటలు. ఒకప్పుడు ఆ మూడు గంటలు ఎక్కడ గడిచేవో నాకూ తెలుసు, మా అత్తగారికీ తెలుసు, పాత వీధి చివర షాపువాడికీ తెలుసు. అయిదు నుంచి ఎనిమిది దాకా ఆయన చేతికి పని ఉండాలి. అందుకని అందరూ వద్దనే మిషను కొనుక్కుని ఇంటికొచ్చాం.

మొదట కొడవలితో పొడుగు తగ్గించారు. తర్వాత మిషను విప్పి, బ్లేళ్ళు పదును పెట్టి, చుట్టకీ కింది పట్టీకీ మధ్య సందు సరిచేశారు. పేపరు ముక్క మధ్యలో పెట్టి చక్రం తిప్పితే కత్తెరతో కోసినట్టు తెగాలి. తెగేదాకా వదల్లేదు. లిఫ్టు తలుపుల సందులు చూసే కళ్ళు కదా. మా అత్తగారు చీటీలుగా తెగిన పేపరు ఏరుకుంటూ "నేనింకా చదవలేదురా అది!" అని లబలబలాడారు.

అంతా చేసి, తీరా కోసేటప్పుడు ఎత్తు మార్చే మీటని అన్నిటికంటే కిందికి పెట్టి కోశారు. గడ్డి మొదళ్ళు బయటపడి నేలంతా గోధుమరంగుకి తిరిగింది. గోడవతల నుంచి ఒక గొంతు "అయ్యో అయ్యో, బోడిగుండు చేసేశావేమిటోయ్!" అంది.

ఆయన పక్కింటి పెద్దాయన. గడ్డి అంచుల్ని కత్తెర పట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని కత్తిరిస్తారు. చొక్కా జేబులో ఎప్పుడూ కత్తెర ఉంటుంది. మేం కత్తెర బాబాయి అని పేరు పెట్టుకున్నాం, ఎదురుగా మాత్రం బాబాయి గారే. "పొడుగులో మూడో వంతుకి మించి ఎప్పుడూ కొయ్యకూడదు. అలా బోడి చేస్తే గడ్డికి ఊపిరాడదు, కలుపు మాత్రం పండగ చేసుకుంటుంది. చూస్తూ ఉండు" అన్నారు.

చూస్తూనే ఉన్నాం. పది రోజుల్లో ఎక్కడెక్కడి కలుపూ మా ఇంటికే వచ్చింది. ఒక సాయంత్రం మా ఆయన లోపలికొచ్చి "అమ్మా, మన ఇంట్లో వయ్యారిభామ ఉందట. బాబాయి గారు చూశారట" అన్నారు. మా అత్తగారు చేతిలో గరిటె పట్టుకుని "ఎవర్రా అది?" అని లేచి నిలబడ్డారు. కలుపు మొక్క పేరని చెప్పి ఆవిణ్ణి కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

వయ్యారిభామని పీకితే పోయింది. తుంగ మాత్రం పోలేదు. పైకి గడ్డిలాగే ఉంటుంది, ఇంకాస్త నిగనిగలాడుతూ, మిగతా గడ్డి కంటే రోజుకి రెండంగుళాలు ముందుంటుంది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. ఒకటి పీకిన చోట వారానికి మూడు లేచేవి. ఈయన రోజూ పీకేవారు. నేను వచ్చేసరికి మెట్ల మీద తుంగ కుప్ప, పక్కన మొహం మాడ్చుకుని ఈయన. అన్నం దగ్గర మాట లేదు. ఏమైనా అడిగితే విసురు. "ఎన్నిసార్లు పీకినా వస్తుందేంటి ఇది?" అని ఒకరోజు కంచం పక్కకి తోసేశారు.

ఆ విసురు నాకు కొత్త కాదు. వెనకటి రోజుల్లో అన్నీ అలాగే మొదలయ్యేవి. ఇంటికొచ్చీ రాగానే ఏదో వంకన దగ్గరికెళ్ళి వాసన చూసేదాన్ని. చొక్కా గుండీ ఊడిందనీ, మెడ మీద చీమ పాకుతోందనీ. ఆయనకి అర్థమయ్యేదో లేదో, కదలకుండా నిలబడేవారు.

ఒక ఆదివారం సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తున్నాను. గోడవతల బాబాయి గారి గొంతు వినపడింది.

"మందు కొట్టక తప్పదోయ్. లాభం లేదు."

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

మా ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది. "ఇంట్లో ఆ మాట అనకండి బాబాయి గారూ. మావాళ్ళకి పడదు."

"సరే సరే. రేపొచ్చి పట్టుకెళ్ళు. నా దగ్గర మంచిది ఉంది. ఒకేసారి ఎక్కువ వద్దు సుమా, రోజూ కొంచెం కొంచెం. ఎవరికీ అందకుండా పెట్టుకో."

"అలాగేనండి."

ఆయన మానేసి ఏడు నెలలు దాటి ఎనిమిది నిండబోతున్నాయి. పీట మీద కూర్చుని కత్తెరతో గడ్డి కత్తిరించే పెద్దమనిషి, తెల్ల చొక్కా వేసుకుని, మా కొంప ఇలా ముంచుతాడా?

మంగళవారం పొద్దున ఈయన పనికెళ్ళగానే ఇంటి పక్కనున్న సామాన్ల షెడ్డు తీశాను. ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. గడ్డి మిషను వెనకాల, గోనె ముక్క కింద ఉంది. క్వార్టర్ సీసా. ఆయన రకమే. ఆ ఎర్ర మూత, ఆ బంగారు గీత నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను. మెడ దాకా నిండుగా, లేత తేనె రంగులో.

వాసన చూడాల్సింది. ఒక్క క్షణం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే అంతా అక్కడే తేలిపోయేది. నాకు ధైర్యం చాల్లేదు. చూశానంటే, అది అదేనని తెలిసిందంటే, ఇక నేను అన్నమాట ప్రకారం వెళ్ళిపోవాలి. నాకు వెళ్ళాలని లేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మూత తిప్పేశాను. గోడవార కాలవలో పోద్దామని బయల్దేరాను గానీ అక్కడిదాకా ఆగే ఓపిక లేకపోయింది. షెడ్డు గుమ్మం దగ్గర్నుంచే వంచుకుంటూ, దులుపుకుంటూ, గడ్డి మీదుగా గోడ దాకా నడిచాను. "పో, పో, పీడా పోయింది" అని పైకే తిడుతున్నాను.

ఖాళీ సీసా చేతిలో మిగిలాక ఏం చెయ్యాలో తోచలేదు. పారేస్తే నేనే తీశానని తెలుస్తుంది. తెలిస్తే అడగాలి, అడిగితే తేలిపోవాలి. మళ్ళీ అదే గొడవ. వంటింట్లో మా అత్తగారు పొద్దుట మిగిల్చిన అల్లం టీ డికాషన్ ఉంది. నీళ్ళు కలిపితే రంగు అచ్చు అదే. మెడ దాకా పోసి, మూత బిగించి, గోనె కింద ఎలా ఉన్నదో అలా పెట్టేశాను. తర్వాత పడగ్గదిలోకెళ్ళి సంచిలో నాలుగు జతల బట్టలు పెట్టుకుని మంచం కిందికి తోశాను. మర్నాడు చూస్తే ఆ బట్టల మీద మా అత్తగారి బీపీ మాత్రల కొత్త అట్ట ఉంది. ఆవిడ నన్నేమీ అడగలేదు, నేనూ ఆవిడకేమీ చెప్పలేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే షెడ్డులోకెళ్ళి సీసా చూడ్డం నా పని. మొదటి రోజు అరంగుళం తగ్గింది. రెండో రోజు ఇంకో అరంగుళం. నాకు పిచ్చెక్కేలా ఉంది. తాగేవాడికి నోట్లో పడగానే టీ అని తెలియదూ? తెలిస్తే రంకెలు వెయ్యాలి, లేదా బిక్కచచ్చిపోవాలి. ఈయన రెండూ చెయ్యట్లేదు. ఇంటికొచ్చేసరికి స్నానం చేసి, బుద్ధిగా కూర్చుని ఉంటున్నారు. విసుర్లు కూడా తగ్గాయి. అప్పుడప్పుడూ నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోతున్నారు. టీ ఇచ్చినా నోరెత్తకుండా రోజూ అరంగుళం తాగే తాగుబోతుని నేనెక్కడా చూళ్ళేదు, వినలేదు.

"సాయంత్రం పూట ఏం చేస్తున్నారత్తయ్యా ఈయన?" అని అడిగాను.

"ఏముంది, గడ్డిలో గొంతుక్కూర్చుని ఏదో రాస్తున్నాడు."

"ఏం రాస్తున్నారు?"

"నా కళ్ళకి అంత దూరం ఆనుతుందా? వంచిన తల ఎత్తకుండా రాస్తున్నాడు."

లిఫ్టుల లెక్కలేవో రాసుకుంటున్నారు కాబోలనుకున్నాను. షాపులో నా బుర్ర పనిచెయ్యలేదు. ఒకరికి ఇవ్వాల్సిన సీసా ఇంకొకరికి ఇవ్వబోయి ఓనరు చేత చీవాట్లు తిన్నాను. "పేరు చదవకుండా సీసా ఇచ్చేదానివి ఈ పనికెందుకమ్మా?" అన్నాడాయన. మాట పడ్డాను.

పన్నెండో రోజు ఆదివారం. పొద్దున్నే కిటికీ తెరిచిన మా అత్తగారు "అమ్మాయ్, ఇలా రా. గడ్డికేదో రోగమొచ్చింది" అని కేకేశారు.

మూడు నాలుగు రోజులుగా అక్కడ రంగు మారుతున్నట్టే ఉంది గానీ నేను పట్టించుకోలేదు. ఇప్పుడు స్పష్టంగా కనపడుతోంది. షెడ్డు గుమ్మం దగ్గర మొదలై, వంకరటింకరగా, ఒకచోట సన్నంగా ఒకచోట వెడల్పుగా, గోడ దాకా పచ్చటి గడ్డి మధ్యలో ఎండుగడ్డి చార. దులిపినచోట పక్కన చుక్కలు కూడా ఉన్నాయి. ఆ దారి నాకు తెలుసు. నేను నడిచిన దారే అది.

"కుక్కేమో" అన్నారు మా అత్తగారు.

"ఇంత పొడుగు కుక్క ఎక్కడుందమ్మా" అన్నారు మా ఆయన. చార వంక చూశారు, షెడ్డు వంక చూశారు, నా వంక మాత్రం చూడలేదు.

అప్పటికే కత్తెర బాబాయి గేటు తీసుకుని వచ్చేశారు. వంగి, గడ్డిపోచ తుంచి, వెలుగులో పెట్టి చూశారు. "రోగమూ కాదు, కుక్కా కాదు. ఇది గడ్డిమందు. చిక్కటి మందు చిక్కగానే పడింది. ఏమోయ్, నేను సీసాలో పోసిచ్చిందేనా? బ్రష్షు ముంచి ఒక్కో తుంగ ఆకుకీ తుడిచినట్టు రాయమంటే ఇలా పారబోశావా? కొత్తవాడివి, డబ్బా ఇస్తే అంతా కొట్టేస్తావనే కదా చిన్న సీసాలో ఇచ్చాను!"

నా చేతిలో కాఫీ గ్లాసులున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మందు. గడ్డిమందు. రాయడం. ఒక్కో ముక్కా వచ్చి వరసగా నెత్తి మీద పడింది.

మా ఆయన తల గోక్కున్నారు. "నా చెయ్యి జారిందండీ బాబాయి గారూ. మూత తీసి నడుస్తున్నాను. చూసుకోలేదు."

"ఇంత దూరం జారిందా చెయ్యి!"

"జారిందండి."

బాబాయి గారు నెత్తి కొట్టుకుని, ఇంక చుక్క కూడా ఇచ్చేది లేదని చెప్పి వెళ్ళిపోయారు. మా అత్తగారు మా ఇద్దర్నీ చూసి "వార్తలొచ్చే వేళయింది" అని లోపలికెళ్ళి టీవీ సౌండు పెంచారు. ఆవిడ జన్మలో వార్తలు చూడరు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మూత తియ్యగానే. గుప్పున అల్లం వాసన."

"మరి నన్ను అడగలేదే?"

"నువ్వే అడుగుతావని చూశాను."

"ఇన్నాళ్ళూ తుంగకి టీ రాశారా?"

"బాగా పట్టింది దానికి. ఎలా బలిసిందో చూడు." నవ్వబోయారు, నవ్వు రాలేదు. "రాయకుండా వదిలేస్తే సీసా నిండుగా ఉంటుంది, నేనింకా చూళ్ళేదని రోజూ కాపలా కాస్తావు. పారబోస్తే తాగాననుకుంటావు. ఏం చెయ్యాలో తోచక నా పని నేను చేసుకున్నాను."

"గడ్డికి కొట్టేది తెచ్చానని మొదటే ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ!"

"ఏమని చెప్పను? ఆ మాటా? ఈ ఇంట్లోనా? ఆ సీసా చేత్తో పట్టుకునా?" అన్నారు. "చెప్తే నమ్మేదానివా?"

నమ్మేదాన్నని చెప్పడానికి నోరు తెరిచాను. అబద్ధం బయటికి రాలేదు. "లేదు" అన్నాను. ఆయన తలూపారు, మానేసిన రోజు ఊపినట్టే.

తర్వాత తనే చెప్పారు. "నీదే తప్పనను. ఆయనకి నా సంగతి తెలీదు, చేతికి దొరికిన సీసాలో పోసిచ్చాడు. నా చేతిలో పెట్టగానే అరచేతులు తడిసిపోయాయి. అది విషమని తెలుసు. తెలిసి కూడా షెడ్డులోకొచ్చి మూత తీసి వాసన చూశాను. నాకే భయమేసి మిషను వెనకాల, గోనె కింద పెట్టాను. దాచింది నీకు కనపడకుండా కాదు, నాకు కనపడకుండా."

అప్పుడు తట్టింది నాకు. నేను ఆ సీసా కడగలేదు. విషం పారబోసి, ఆ అడుగు తడి ఆరకుండానే టీ పోసి, మూత బిగించి, తాగుతాడనుకున్న మనిషి కోసం ఉన్నచోటే పెట్టాను. పేరు లేని సీసా ముట్టుకోవద్దని రోజూ ఊరందరికీ చెప్పే మందుల షాపుదాన్ని. నేను అనుకున్నట్టే ఆయన తాగేవాడై ఉంటే నా టీ తాగే పోయేవాడు. గ్లాసులు మెట్ల మీద పెట్టేసి అక్కడే కూలబడిపోయాను. ఏడుపు ఆగలేదు. ఆయన పక్కన కూర్చున్నారు, భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"మంచం కింద సంచి చూశాను" అన్నారు. "నీ బట్టలకి బాధ లేదు. నువ్వు చెప్పే చేశావు. అమ్మ మాత్రల అట్ట కూడా ఉంది అందులో." ఆ మాటని, టీవీ మోగుతున్న గది వంక చూశారు.

అంత మాట్లాడుకున్నాక కూడా నేను ఆ సంచి విప్పలేదు. దాచడమెందుకు, భయం పోలేదు. సీసాని కవర్లో చుట్టి, 'విషం' అని చీటీ అంటించి అటక మీద పడేశాను గానీ సంచి జోలికి పోలేదు. ఆయన కూడా దాన్ని బయటికి లాగలేదు. లిఫ్టు పనికి వాడే పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి తుంగని గడ్డతో సహా తవ్వడం మొదలుపెట్టారు. రోజుకి ఒక గజం మేర. సాయంత్రాలు సరిపోయేవి కావు.

వానలు వెనకబడ్డాయి. తుంగ సగానికి తగ్గింది. చార మాత్రం అలాగే ఉంది, ఆ మేర ఒక్క పోచ మొలవలేదు. ప్రతి ఆదివారం కత్తెర బాబాయి వచ్చి దాన్ని చూసి "చెయ్యి జారిందట చెయ్యి!" అని ఓ పాట పాడేవారు. ఈయన తలొంచుకుని వినేవారు. వీధి మొగలో వాళ్ళకి కూడా బాబాయి గారు అదే చెప్పి నవ్వించేవారని నాకు పనికెళ్ళే దారిలో తెలిసింది. నాకు లోపల ముల్లు తిరుగుతున్నట్టుండేది.

ఆఖరి వాన వెలిసిన ఆదివారం సాయంత్రం మా ఆయన మిషను తోస్తున్నారు. బాబాయి గారు పీట వేసుకుని అంచులు కత్తిరిస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. "లిఫ్టులు బాగుచేసేటప్పుడు కూడా చెయ్యి ఇలాగే జారుతుందేమిటోయ్?"

"జారింది ఆయన చెయ్యి కాదు బాబాయి గారూ" అనేశాను. "నేను పారబోశాను. కావాలనే."

మిషను ఆగింది. బాబాయి గారు కత్తెర పట్టుకుని అలాగే చూశారు. "నువ్వా? ఎందుకమ్మా?"

అక్కడ ఆగిపోయాను. నా తప్పు చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి. అది చెప్పే హక్కు నాకు లేదు. మా ఆయన పిడి వదిలేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు.

"మందనుకుందండీ" అన్నారు.

బాబాయి గారికి ఏమీ అర్థం కాలేదు. "మందే కదటోయ్ అది!"

వరండాలో మా అత్తగారు ఫక్కుమని నవ్వారు. నాకూ నవ్వొచ్చేసింది, దాంతోపాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పెద్దాయన మా అందర్నీ వింతగా చూస్తున్నారు.

"ఆ మందు కాదండీ. నేను తాగే మందు." ఆగి, సరిదిద్దుకున్నారు. "తాగిన మందు. మానేసి పదో నెల నడుస్తోంది. మీరిచ్చిన సీసా నేను తాగిన రకం సీసా."

బాబాయి గారి మొహంలో రక్తం లేదు. "ఆ సీసాలో పోసి... నేనే నీ చేతికి..." అన్నారు. కత్తెర జేబులో పెట్టుకోబోతే రెండుసార్లు జేబు తప్పింది. "నాకు తెలీదురా నాయనా." ఆయన నోట 'రా' అన్న పిలుపు అదే మొదటిసారి.

"మీకెలా తెలుస్తుందండీ, ఎవరం చెప్పాం గనక" అని మా ఆయన మళ్ళీ పిడి పట్టుకున్నారు. నిలువుగా అయిపోయింది, అడ్డంగా మొదలుపెట్టారు. కోయడానికి ఏమీ లేకపోయినా చార మీద నుంచి కూడా నడిపించారు.

"అమ్మాయ్" అన్నారు మా అత్తగారు కుర్చీలోంచి, వీధికి వినపడేంత గొంతుతో. "నా బీపీ మందు అయిపోయింది. కొత్త అట్ట నీ సంచిలో పడేశాగా, తీసివ్వు."

మిషను చప్పుడు ఒక్క లిప్తపాటు ఆగి మళ్ళీ సాగింది.

లోపలికెళ్ళి మంచం కింద నుంచి సంచి బయటికి లాగాను. దుమ్ము పట్టి ఉంది. బట్టలు నాలుగు జతలూ దులిపి బీరువాలో పెట్టాను. ఖాళీ సంచి మడిచి, కూరగాయల సంచుల్లో కలిపేశాను. అట్టా, గ్లాసుడు నీళ్ళూ తీసుకుని వరండాలోకి వచ్చాను.

"మందు వేసుకోండి అత్తయ్యా" అన్నాను, గడ్డిలో ఉన్న మనిషికి కూడా వినపడేలా.